బ్యాటరీ దానంతట అది చావడంల్యా, మనమే పస్తు పెట్టి చంపుతాండాం

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. రాత్రి చేనికి కావలి పొయ్యే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే సంగతి కాబట్టి నిదానంగా చివరిదాకా చదవండి.

ఇప్పుడు మన ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఏ చేను చూసినా ఒక కొట్టం, దాని మీద ఒక సోలార్ పలక, లోపల ఒక బ్యాటరీ ఉంటాండాయి. జట్కా మిషన్‌కు అదే, బల్బుకు అదే, ఫోనుకు అదే. పది మంది రైతులు ఒకచోట కూర్చుంటే బ్యాటరీ మాట రాక మానదు. వచ్చిందంటే అందరిదీ ఒకటే పాట: "రెండేండ్లకే పాయనప్పా, కంపెనీ వాడు ముంచినాడు." నా అభిప్రాయం వేరే. పది బ్యాటరీలు పోతే అందులో ఒకటో రెండో కంపెనీ తప్పు అయ్యుండొచ్చు. మిగతావన్నీ ఆకలితో చచ్చిపోయినవే. ఎద్దుకు రోజూ సగం మేత వేసి పూర్తి పని చేయిస్తే ఎన్నాళ్ళు బతుకుతాది? ఇదీ అంతే.

ముందు మన పరిస్థితి చూడండి. కలమల్ల దగ్గర 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం మన మండలంలోనే ఉండాది. ఆ పొగ గొట్టాలు మన చేన్లలో నుంచే కనపడతాయి. అయినా రాత్రి చేన్లో ఒక బల్బు వెలిగించుకుందామంటే కరెంటు ల్యాదు. వ్యవసాయ లైనుకు పగలు తొమ్మిది గంటలు ఇస్తారు, మోటర్లకు అది సరిపోతాది. కానీ అడవి పందులు పగలు రావు. శనగ చేన్లో గానీ, వేరుశనగలో గానీ అవి దిగేది అర్ధరాత్రి దాటినంక. అప్పుడు మనకు దిక్కు ఆ పన్నెండు ఓల్టుల బ్యాటరీ ఒక్కటే.

దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. బ్యాటరీ దిగిపోయి జట్కా మిషన్ ఆగిపోయిన రాత్రే కొందరికి చెడ్డ బుద్ధి పుడతాది. పక్కన పొయ్యే కరెంటు లైను నుంచి తీగ లాగి కంచెకు తగిలిస్తారు. జట్కా మిషన్ ఇచ్చే దెబ్బ సెకనుకు ఒకసారి, రెప్పపాటు కంటే తక్కువ సేపు. పంది బెదిరి వెనక్కి పోతాది, మనిషి తగిలినా ఎగిరి పడతాడు, బతుకుతాడు. 230 ఓల్టుల లైను అట్ల కాదు. తగిలిన చేతిని వదలదు. పేపర్లలో ఏటా చూస్తానే ఉండాం, పందికి పెట్టిన తీగకు పక్క చేను రైతు, నీళ్ళు కట్టను పోయిన కొడుకు, పెట్టిన వాడే కూడా పోయినారు. చట్టం ప్రకారం అది నేరం, జైలుకు పొయ్యే పని. అందుకే చెప్తాండా, బ్యాటరీని బాగా చూసుకోవడం అంటే లెక్క మిగిలించుకోవడం ఒక్కటే కాదు. ఊర్లో ఒక ప్రాణం కాపాడుకోవడం కూడా.

ఇప్పుడు బ్యాటరీ లోపల ఏం జరుగుతాదో మన భాషలో చెప్తా. అందులో సీసం పలకలు ఉంటాయి, యాసిడ్ నీళ్ళు ఉంటాయి. కరెంటు వాడుకునేటప్పుడు పలకల మీద తెల్లగా ఒక ఉప్పు పడతాది. మళ్ళీ చార్జింగ్ ఎక్కించినప్పుడు ఆ ఉప్పు కరిగి యాసిడ్‌లో కలిసిపోతాది. రోజూ పూర్తిగా చార్జింగ్ ఎక్కితే ఏ బాధా ల్యాదు. సగమే ఎక్కించి, మళ్ళీ వాడి, మళ్ళీ సగమే ఎక్కించి పోతాంటే ఆ మిగిలిన ఉప్పు గట్టిపడి రాయి అవుతాది. అది చేన్లో చౌడు తేలినట్టే. కొత్తగా తేలిన చౌడును నాలుగు తడులు పెట్టి కడగొచ్చు. ఏండ్ల తరబడి వదిలేసిన చౌడుకు జిప్సం తోలినా పంట వచ్చేది అంతంత మాత్రమే. మన బ్యాటరీల్లో ఎక్కువ భాగం చౌడు పట్టి పోతాండాయి, అంతే.

మరి చార్జింగ్ ఎందుకు పూర్తిగా ఎక్కడంల్యా? మొదటి కారణం, లెక్క వేసుకోకుండా కొనడం. అంగట్లో "పెద్ద బ్యాటరీ తీస్కో అన్నా" అంటాడు, తీసుకుంటాం. పలక మాత్రం చిన్నది. పెద్ద గాదె కట్టి పిడికెడు గింజలు పోసినట్టు.

ఒక కొట్టం లెక్క చూద్దాం. తొమ్మిది వాట్ల బల్బు రాత్రంతా పన్నెండు గంటలు వెలిగితే 108. లోపల ఐదు వాట్ల బల్బు నాలుగు గంటలకు 20. జట్కా మిషన్ ఐదు వాట్లు అనుకుంటే పన్నెండు గంటలకు 60. రెండు ఫోన్లకు 30. పదిహేను వాట్ల చిన్న ఫ్యాను ఆరు గంటలకు 90. మొత్తం 308 వాట్-అవర్లు. దాన్ని పన్నెండు ఓల్టులతో భాగిస్తే సుమారు 26 ఏహెచ్. 40 ఏహెచ్ బ్యాటరీ పెడితే రోజూ సగం కంటే ఎక్కువ ఖాళీ అవుతాది, తొందరగా పోతాది. 75 ఏహెచ్ పెడితే మూడో వంతే ఖాళీ అవుతాది, నాలుగు కాలాలు ఉంటాది. ఇంక పలక సంగతి. మన సీమ ఎండకు వంద వాట్ల పలక, వైర్లలో, బ్యాటరీలో పొయ్యేది పోను, రోజుకు 300 ఇస్తే గొప్ప. అంటే అది మంచి ఎండ రోజుకు బొటాబొటిగా సరిపోతాది. రెండు రోజులు మబ్బు పట్టిందంటే అప్పు పడతాది, ఆ అప్పు మళ్ళీ తీరదు. 150 వాట్ల పలక పెట్టుకుంటే మబ్బు రోజుల బాకీ ఎండ రోజుల్లో తీరుతాది. చేతిలో లెక్క తక్కువ ఉంటే బ్యాటరీ కొంచెం చిన్నది అయినా పర్వాల్యా, పలక మాత్రం పెద్దది కొనండి అనేది నా మాట.

రెండో కారణం ఇన్వర్టర్. చేని కొట్టంలో 230 ఓల్టుల బల్బు కోసం ఇన్వర్టర్ పెడతాండారు. బల్బు ఆర్పినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే అది ఊరికే పది, పదిహేను వాట్లు తింటానే ఉంటాది. రాత్రంతా అయితే 120 నుంచి 180. అంటే పైన చెప్పిన లెక్కలో సగం వరకు దానికే పాయె. పన్నెండు ఓల్టుల డీసీ బల్బు, డీసీ ఫ్యాను దొరుకుతాండాయి. అవి నేరుగా పెట్టుకోండి. ఫోను రాత్రి పెట్టొద్దు, మధ్యాన్నం ఎండలో పెట్టుకోండి. అప్పుడు వచ్చేది పలక నుంచి వస్తాది, బ్యాటరీని ముట్టుకునే పని ఉండదు.

ఈ లెక్క మనకే కొత్త. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల బండి వెనక ఇల్లు తగిలించుకుని నెలల తరబడి ఏ కరెంటు లైనూ లేని చోట బతికే వాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఫ్రిజ్, నీళ్ళ మోటర్, లైట్లు అన్నీ బ్యాటరీ మీదే. వాళ్ళు మొదట చేసేది రోజుకు ఎంత వాడతామని కాగితం మీద రాసుకోవడం. పొద్దున లేస్తానే పాలు పితికే ముందు బర్రెను చూసినట్టు బ్యాటరీ మీటరు చూస్తారు. అంత దూరం ఎందుకు, గొర్రెలు తోలుకుని ఊర్లు తిరిగే మన కాపర్లకు కూడా టార్చికి, ఫోనుకు చార్జింగ్ యాడ దొరుకుతాదనేది రోజూ ఉండే లెక్కే. లైను లేని చోట బతికేవాడికి పొదుపు తప్పదు. చేని కొట్టం కూడా లైను లేని ఇల్లే కదా.

చార్జింగ్ గురించి ఇంకొక్క మాట. సంచికి శనగలు పోసేటప్పుడు మొదట గబగబా పోస్తాం. చివర్లో కుదించి కుదించి పొయ్యాల, దానికే ఎక్కువసేపు పడతాది. బ్యాటరీ కూడా ఎనభై వంతులు తొందరగా నిండుతాది, మిగతా ఇరవైకి గంటల సేపు తీసుకుంటాది. కంట్రోలర్‌లో పచ్చ లైటు వెలిగిందని నిండినట్టు కాదు. మామూలు నీళ్ళ బ్యాటరీకి చార్జింగ్ ఓల్టేజి 14.4 దాకా పోయి అక్కడ కొన్ని గంటలు నిలబడాల, ఆ తర్వాత 13.6 దగ్గరికి దిగాల. నిండిందా ల్యాదా అనేది పొద్దున సూర్యుడు పొడవకముందు, అన్నీ ఆపేసి కాసేపు ఆగి మల్టీమీటరు పెట్టి చూడండి. 12.6 పైన ఉంటే కడుపు నిండినట్టు. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు. 11.8 అంటే ఖాళీ. చవక కంట్రోలర్లు 10.8 దగ్గర గానీ కరెంటు ఆపవు. అప్పటికి బ్యాటరీ ప్రాణం కళ్ళలోకి వచ్చి ఉంటాది. మీ కంట్రోలర్‌లో మార్చుకునే వీలుంటే ఆ అంకె 11.8కి పెంచుకోండి.

ఇప్పుడు మన ఎండ. మే నెలలో మనకు 43, 44 డిగ్రీలు మామూలే. బ్యాటరీకి 25 డిగ్రీలు అనుకూలం. దాని పైన పది డిగ్రీలు పెరిగేకొద్దీ దాని ఆయుస్సు సుమారు సగానికి తగ్గుతాది. రేకుల కొట్టంలో పడమటి గోడకు ఆనించి పెడితే పొయ్యి పక్కన పెట్టినట్టే. ఉత్తరం పక్క, నీడలో, గాలి ఆడే చోట, కింద ఒక చెక్క పలక వేసి దాని మీద పెట్టండి. మూత బిగించిన పెట్టెలో పెట్టొద్దు. చార్జింగ్ ఎక్కేటప్పుడు దాన్లోంచి వచ్చే గ్యాసు నిప్పు తగిలితే పేలుతాది. బీడీ తాగే వాళ్ళు దాని దగ్గర తాగొద్దు. కొట్టం పైన బోద కప్పిన వాళ్ళకు ఈ మాట రెండుసార్లు చెప్పాల.

దుమ్ము సంగతి మన ప్రాంతం వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, లారీలు. ఆ దుమ్ము పలక మీద పడి, తెల్లవారుజామున మంచు పడితే తడిసి పలక మీద గారలా పడతాది. వారం తుడవకపోతే పలక సగం గుడ్డిది అవుతాది. పొద్దున్నే అద్దం చల్లగా ఉన్నప్పుడే తడి గుడ్డతో తుడవండి. ఎండలో కాలిన అద్దం మీద చల్లనీళ్ళు పొయ్యొద్దు, పగిలే ప్రమాదం ఉంటాది. మన బోరు నీళ్ళు పోసి అట్లనే వదిలేస్తే ఆరినంక తెల్ల మచ్చలు పడతాయి, గుడ్డతో పొడిగా తుడిచెయ్యండి.

అవే బోరు నీళ్ళు బ్యాటరీలో పోస్తే అంతకంటే నష్టం. మనది సున్నపురాతి నేల, నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. ఫిల్టరు ప్లాంటు నీళ్ళు తాగను బాగుంటాయి గానీ బ్యాటరీకి చాలవు, వాటిలో కూడా కొంత ఉప్పు మిగిలే ఉంటాది. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యాల. యాసిడ్ ఎప్పుడూ పొయ్యొద్దు, ఆవిరై పొయ్యేది నీళ్ళే గాని యాసిడ్ కాదు. పలకలు ఎప్పుడూ మునిగి ఉండాల. చార్జింగ్ నిండినంక, సాయంత్రం గుర్తు వరకు పొయ్యండి. చార్జింగ్ ముందు నిండా పోస్తే పొంగి బయటికి వస్తాది. ఎండాకాలం పదిహేను రోజులకు ఒకసారి, మిగతా కాలం నెలకు ఒకసారి మూతలు తీసి చూడండి. టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పూత పడితే వంట సోడా కలిపిన నీళ్ళతో తుడిచి, ఆరినంక వ్యాసలిన్ పూయండి. సోడా నీళ్ళు బ్యాటరీ లోపల పడకుండా మూతలు బిగించుకోండి. కంట్లో యాసిడ్ చుక్క పడితే ఆగకుండా పదిహేను నిమిషాలు నీళ్ళతో కడిగి ఆస్పత్రికి పోండి.

మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ల సంగతి చెప్పకపోతే ఈ పోస్టు సగమే. శనగకు ఆఖరి మందు కొట్టి, స్ప్రేయర్ మూలన పడేస్తాం. మళ్ళీ పత్తి మొలిచినంక తీస్తాం. మధ్యలో ఆరు నెలలు. ఏ బ్యాటరీ అయినా ఊరికే ఉన్నా కొంచెం కొంచెం దిగుతానే ఉంటాది, ఎండాకాలం ఇంకా తొందరగా. ఆరు నెలలు ఖాళీ కడుపుతో పడుకున్న బ్యాటరీకి చౌడు పట్టక ఏం పడతాది? పక్కన పెట్టే రోజు పూర్తిగా చార్జింగ్ ఎక్కించి పెట్టండి. నెలకు ఒక రోజు, అమావాస్య అని గుర్తు పెట్టుకున్నా సరే, ఒకసారి ఎక్కించండి. ఆ ఒక్క పనితో ఇంకో రెండు పంటలు నడుస్తాది.

ఇంకొన్ని మాటలు గబగబా. ట్రాక్టర్ పాత బ్యాటరీని కొట్టానికి తెచ్చుకోవద్దు. దాన్లో పలకలు పల్చగా ఉంటాయి, ఒక్కసారిగా బలంగా తోసి ఇంజను తిప్పడానికి చేసినవి. రాత్రంతా నిదానంగా లాగేదానికి మందం పలకల ట్యూబులర్ బ్యాటరీ కావాల. పాత బ్యాటరీ పక్కన కొత్తది కలిపి కట్టొద్దు, ముసలి ఎద్దుకు కోడెను జత కట్టినట్టు అవుతాది, రెండూ చెడిపోతాయి. పలక నుంచి బ్యాటరీకి సన్న వైరు లాగితే దారిలోనే సగం బలం పోతాది, దగ్గరగా పెట్టి మందం రాగి వైరు వాడండి. బ్యాటరీ ప్లస్ పక్కనే ఒక ఫ్యూజు తప్పకుండా పెట్టండి. పది రూపాయల ఫ్యూజు కొట్టాన్ని అగ్గి నుంచి కాపాడతాది.

లిథియం బ్యాటరీలు వచ్చినాయి కదా అని అడుగుతారు. మంచివే. నీళ్ళు పొయ్యే పని ల్యాదు, ముప్పాతిక దాకా వాడినా ఎక్కువ ఏండ్లు వస్తాయి, సగం చార్జింగ్‌లో ఉన్నా చౌడు పట్టవు. కానీ ధర ఎక్కువ, మన ఎండ వాటికీ పడదు, పాత కంట్రోలర్‌కు అట్లనే తగిలిస్తే కుదరదు. లిథియం అని ఎంచుకునే వీలున్న కంట్రోలర్ ఉండాల. దొంగల భయం ఉన్న చోట ఇంకా ఆలోచించుకోండి.

పెద్దోళ్ళు కూడా ఈ నిలవ చేసే కష్టంలోనే ఉన్నారు. గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తాంది. అదే వైపు పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్ళు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి మళ్ళీ కరెంటు తీసే ప్రాజెక్టుకు వేల కోట్లు పెట్టినారు. అది కొండంత బ్యాటరీ. ఎండ నుంచి కరెంటు తీయడం సులభం, రాత్రికి దాచుకోవడమే కష్టమని దీన్నిబట్టి తెలుస్తాది. వాళ్ళకు దాన్ని చూసుకునే ఇంజనీర్లు ఉన్నారు. మనకు ఎవరున్నారు? పలక, మిషన్ అమ్మినోడు బిల్లు రాసి పోతాడు. బ్యాటరీ ఎట్ల సాకాల్నో చెప్పే మనిషి ల్యాడు.

కాబట్టి నేను అడిగేది ఇది. ఊర్లలో 2020లో రైతు భరోసా కేంద్రాలని పెట్టినారు, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలు అంటాండారు. విత్తనాలు, ఎరువుల సంగతి అక్కడ మాట్లాడుతాం. అదే చోట ఒక హైడ్రోమీటర్, ఒక మల్టీమీటర్, ఒక క్యాను డిస్టిల్డ్ వాటర్ పెట్టమని అడుగుదాం. పెట్టకపోతే ఊర్లో పది మంది తలా కొంత వేసుకుని కొందాం, పెద్ద ఖర్చేమీ కాదు. హైడ్రోమీటర్ అంటే యాసిడ్ చిక్కదనం చూసే గాజు గొట్టం. ట్యూబులర్ బ్యాటరీ నిండితే సుమారు 1240 చూపిస్తాది, కచ్చితమైన అంకె కంపెనీ కార్డు మీద ఉంటాది. ఆరు గదులూ ఒకేలా తక్కువ చూపిస్తే మనం పస్తు పెట్టినట్టు. ఐదు గదులు 1230 చూపించి ఒకటి 1150 దగ్గరే నిలబడితే ఆ గది చెడిపోయినట్టు, అప్పుడు కంపెనీ వాడిని గట్టిగా అడగొచ్చు. కొన్న రోజు నుంచి నెలనెలా అంకెలు ఒక పుస్తకంలో రాసుకున్న రైతు మాటకు అంగట్లో విలువ ఉంటాది. వాటర్ సరిగా పొయ్యలేదని వాడు ఎదురు చెప్తే, పుస్తకం తెరిచి చూపించొచ్చు. బిల్లు, వారంటీ కార్డు కూడా దాన్లోనే పెట్టుకోండి.

చివరగా పాత బ్యాటరీ. పాత సామాన్ల వానికి వెయ్యొద్దు. కొందరు యాసిడ్ కాలువలో ఒంపి, సీసాన్ని ఊరి బయట కరిగిస్తారు. ఆ పొగ, ఆ మట్టి చిన్న పిల్లల మెదడును దెబ్బ తీస్తాయి, రక్తంలో చేరిన సీసం అంత తొందరగా పోదు. 2022లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని సరిగ్గా శుద్ధి చేయించే బాధ్యత కంపెనీలదే. కొత్తది కొనే అంగట్లోనే పాతది ఇచ్చి ధర తగ్గించుకోండి.

రేపు పొద్దున పొద్దు పొడవకముందు ఒక్క పని చేయండి. మీ కొట్టంలో బల్బు, మిషన్ ఆపి, కాసేపు ఆగి, బ్యాటరీకి మీటరు పెట్టి ఎంత చూపిస్తాదో చూడండి. ఆ అంకె, మీ పలక ఎన్ని వాట్లు, బ్యాటరీ కొని ఎన్నేండ్లు అయింది, ఈ మూడూ కింద రాయండి. ఊరికి పది మంది రాసినా చాలు, మన బ్యాటరీలు ఎందుకు పోతాండాయో మనకే అర్థమైపోతాది. తెలిసిన వాళ్ళు ఇంకేమన్నా ఉంటే చెప్పండి, నేర్చుకుంటాం.